ఇంటి వైరింగ్ లెక్క: లోడు ముందు, తీగ తర్వాత, బ్రేకర్ చివర

ఎండాకాలం రాత్రి ఏసీ వేసిన గంటకో రెండు గంటలకో ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తెంపే చిన్న బ్రేకర్, పడిపోతుంది. లేచి ఎత్తితే పావుగంట ఉండి మళ్లీ పడుతుంది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి 16 ఆంపియర్లది తీసి 25దో 32దో బిగిస్తాడు. ఆ రోజు నుంచి పడదు. విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో ప్రతి మే నెలలోనూ ఎక్కడో ఒకచోట జరిగే తంతే ఇది. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు గానీ గోడలో తీగ పాతదే. దాని మీద ఉన్న కాపలా ఒక్కటే పోయింది.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండా పనిచేసినా 1,700 వాట్ల దగ్గర ఆగుతుంది. 230 వోల్టుల మీద అది ఏడున్నర ఆంపియర్లు. అంతమాత్రానికి 16 ఆంపియర్ల ఎంసీబీ ఎందుకు పడాలి?

చాలాసార్లు ఆ సర్క్యూట్ మీద ఏసీ ఒక్కటే ఉండదు. ఏసీ పాయింటు నుంచే పక్క గది పవర్ ప్లగ్గుకు తీగ లాగి ఉంటారు, దాని మీద ఇస్త్రీపెట్టో గీజరో నడుస్తుంటుంది. అది కాకపోతే ఎంసీబీ స్క్రూ వదులై ఉంటుంది. వదులు జాయింటు దగ్గర పుట్టిన వేడి నేరుగా ఎంసీబీ లోపలి బైమెటల్ పట్టీకి తగులుతుంది, కరెంటు తక్కువే అయినా అది వంగి ట్రిప్ చేస్తుంది. ఎంసీబీలన్నీ ఉండే డీబీ బాక్సు పడమటి గోడకో గ్యాస్ పొయ్యి వెనక గోడకో ఉంటే లోపలి వేడి కూడా తోడవుతుంది. ఎంసీబీ మీద రాసిన ఆంపియర్లు 30 డిగ్రీల వాతావరణానికి కట్టిన లెక్క. మే నెలలో మూసి ఉన్న బాక్సులో పక్కపక్కనే నాలుగు ఎంసీబీలు వేడెక్కి ఉంటే 16 అని రాసినది అంతకంటే తక్కువకే పడుతుంది. వోల్టేజీ పడిపోవడం మరో కారణం. 180 వోల్టుల దగ్గర అదే ఇన్వర్టర్ ఏసీ అదే చల్లదనం కోసం తొమ్మిదిన్నర ఆంపియర్లు లాగుతుంది. చివరికి కంప్రెసర్ చెడిపోయి ఉండొచ్చు, ఎంసీబీయే పాతబడి ఉండొచ్చు.

వీటిలో ఏదో తేల్చడానికి క్లాంప్ మీటరు, స్క్రూడ్రైవరు చాలు. ఏసీ నడుస్తుండగా ఫేజు తీగ చుట్టూ క్లాంప్ పెట్టి చూస్తే కరెంటు ఎంతో తెలిసిపోతుంది. ఎనిమిది చూపిస్తూ కూడా ఎంసీబీ పడుతుంటే తప్పు ఎంసీబీ దగ్గరో స్క్రూ దగ్గరో ఉంది. ఇరవై చూపిస్తే ఎంసీబీ తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టు, దాన్ని పెద్దది చేయడం ఎలుకలను పడుతోందని పిల్లిని తరిమేయడంలాంటిది. ఈ రెండు సందర్భాల్లోనూ 32 ఆంపియర్ల ఎంసీబీ జవాబు కాదు.

ఎంసీబీ ఉన్నది దాని వెనక గోడలో, స్లాబులో పోయే తీగ కోసం. ఏసీని కాపాడటానికి ఏసీ లోపల వేరే ఏర్పాట్లున్నాయి, షాక్ నుంచి మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే వేరే బ్రేకర్. ఈ పని విభజన మనసులో పెట్టుకుంటే సర్క్యూట్ల ప్లానింగ్ దానంతట అదే వరసలో పడుతుంది. ముందు లోడు ఎంతో కట్టాలి. ఆ లోడును ఈ ఊరి ఎండలో మోయగల తీగ తీసుకోవాలి. ఆ తీగ కాలకముందే పడే ఎంసీబీ పెట్టాలి. ఎంసీబీ అంకె లోడు కన్నా తక్కువ ఉండకూడదు, తీగ మోయగల కరెంటు కన్నా ఎక్కువ ఉండకూడదు.

లోడు: ఏ పూట ఎంత?

పటమటలోనో బ్రాడీపేటలోనో మామూలు రెండు పడకగదుల ఫ్లాటు తీసుకుందాం. ఒకటిన్నర టన్నుల ఏసీ 1.7 కిలోవాట్లు, ఒక టన్నుది 1.2. గీజర్లు రెండు, ఒక్కోటి 2 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యి 2, మైక్రోవేవ్ 1.3, మిక్సీ ముప్పావు. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్‌లో నీళ్లు కాచే హీటర్ ఉంటుంది కాబట్టి దానికి 2. ఇస్త్రీపెట్టె 1, ఫ్రిజ్ 0.2, లైట్లు, ఫ్యాన్లు, టీవీ కలిపి 0.7. మొత్తం 15 కిలోవాట్లకు కాస్త తక్కువ. అన్నీ ఒకేసారి వేస్తే 64 ఆంపియర్ల పైచిలుకు.

అలా ఎవరూ వేయరు. అయితే ఏ పూట ఎంత పడుతుందో చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. వేసవి అర్ధరాత్రి రెండు ఏసీలు, ఫ్రిజ్, ఫ్యాన్లు కలిపి నాలుగు కిలోవాట్లు దాటదు. సంక్రాంతి ముందు చలి పొద్దున రెండు గీజర్లు 4, ఇండక్షన్ మీద ఇడ్లీపాత్ర 2, చట్నీకి మిక్సీ 0.75, ఫ్రిజ్, లైట్లు 0.6 కలిపి 7.35 కిలోవాట్లు, అంటే 32 ఆంపియర్లు. ఈ ఊళ్లో చలి ఎంతని అడగొచ్చు గానీ, గీజర్ వేడి నీళ్లకు అలవాటు పడిన ఇళ్లలో లెక్క ఇదే. ఇంటి మీద పెద్ద భారం పడేది జనవరి పొద్దున, ఎంసీబీలు పడేది మే రాత్రి. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, అప్పుడు గోడ కూడా చల్లగా ఉంటుంది. ఏసీ ఎనిమిది గంటలు ఆగకుండా నడుస్తుంది, అప్పుడు గోడే వేడిగా ఉంటుంది. తీగకూ ఎంసీబీకీ కరెంటు ఎంత అన్నదానితోపాటు ఎంతసేపు, ఎంత వేడిలో అన్నదీ లెక్కే. అందుకే మెయిన్ లెక్క చలికాలం పొద్దున చూసి కట్టాలి, ఏసీ సర్క్యూట్ల లెక్క వేసవి రాత్రి చూసి కట్టాలి.

ఆ 7.35 కిలోవాట్లను బిల్లు మీద ఉండే కాంట్రాక్టెడ్ లోడుతో పోల్చి చూసుకోవాలి. రెండో మూడో కిలోవాట్లకు సర్వీసు తీసుకుని ఏసీలు, గీజర్లు తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకున్న ఇళ్లే ఎక్కువ. సాధారణంగా 5 కిలోవాట్లు దాటితే త్రీ ఫేజ్ సర్వీసు తీసుకోవాలి. కొత్తగా కట్టుకునేవాళ్లు మొదట్లోనే దానికి సిద్ధపడటం మేలు.

తీగ: స్లాబు వేడి తినేసే ఆంపియర్లు

లైట్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ. మేస్త్రీలందరి నోటా ఉండే ఈ కొండగుర్తు తప్పేమీ కాదు. అయితే ఎందుకో తెలియకుండా పాటిస్తే తప్పు చోట తేలిపోతుంది.

పీవీసీ తొడుగు ఉన్న రాగి తీగ 70 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది. గోడలో పైపులో పోయే ఒక్క సర్క్యూట్‌కు, చుట్టూ 30 డిగ్రీలుంటే, అంతర్జాతీయ పట్టికల ప్రకారం 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 17.5 ఆంపియర్లు మోస్తుంది. 2.5ది 24, 4ది 32, 6ది 41, 10ది 57. కాయిల్ మీదా కేటలాగ్‌లోనూ కనిపించే అంకెలు ఇలాంటివే, కొన్ని కంపెనీలు ఇంకా తగ్గించి రాస్తాయి. మన దగ్గర 30 డిగ్రీలు ఎక్కడివి? చుట్టూ 45 డిగ్రీలుంటే ఆ అంకెను 0.79తో గుణించాలి. పై అంతస్తు స్లాబులో ఎండ దెబ్బకు 55 డిగ్రీలుంటే 0.61తో. ఒకే పైపులో రెండు సర్క్యూట్లు పోతే మళ్లీ 0.80తో, మూడు పోతే 0.70తో గుణించాలి, ఎందుకంటే ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది.

ఇప్పుడు రెండున్నర తీగను చూడండి. 24ను 0.79తో గుణిస్తే 19. మూడు సర్క్యూట్లు ఒకే పైపులో కుక్కితే 13 ఆంపియర్ల చిల్లర. దాని మీద 16 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకోండి, కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నట్టే. ఎండాకాలంలో మాత్రం తీగ మోయలేని కరెంటును ఎంసీబీ నిక్షేపంగా పోనిస్తుంది. అదే పైపులో నాలుగు తీగ ఉంటే 17.7 ఆంపియర్లు మోస్తుంది, 16 ఎంసీబీ కింద భద్రం. ఏసీకి నాలుగు తీగ అనే కొండగుర్తులో ఉన్న తెలివి ఇదే, ఏసీ తాగే ఏడున్నర ఆంపియర్లతో దానికి పెద్దగా సంబంధం లేదు. రెండున్నరే వేయాలనుకుంటే ఏసీకి విడిగా ఒక పైపు ఇవ్వాలి. స్లాబు పోసే ముందు ఇంకో 25 మిల్లీమీటర్ల పైపు వేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, స్లాబు పోశాక వేయడం అసాధ్యం. పై అంతస్తు ఫ్లాటు అయితే గీజర్, ఏసీ పైపులను స్లాబులో పొడుగునా తిప్పకుండా ఫాల్స్ సీలింగ్ పైనుంచో గోడ వెంటో తీసుకురావడం ఇంకా నయం.

దూరం కూడా లెక్కే. కింద పార్కింగ్‌లో మీటరు, మూడో అంతస్తులో ఇల్లు, మధ్యలో 30 మీటర్లు. ఆరు తీగ మీద 32 ఆంపియర్లు పోతే రానుపోను ఆరున్నర వోల్టులు తగ్గుతాయి. నాలుగు తీగయితే తొమ్మిదిన్నర. వచ్చే వోల్టేజీయే తక్కువ ఉన్న వీధిలో ఈ తొమ్మిది వోల్టులు ఏసీకి తెలుస్తాయి. సింగిల్ ఫేజ్ ఇంటికి మీటరు నుంచి డీబీ దాకా పది తీగ, ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంపే 40 ఆంపియర్ల డబుల్ పోల్ మెయిన్ వేస్తే 45 డిగ్రీల లెక్కలోనూ సరిపోతుంది. పది తీగ మోసే 57ను 0.79తో తగ్గించినా 45 ఆంపియర్లు మిగులుతాయి.

తీగ కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 694 అనే అంకె ఎలాగూ చూస్తారు. నకిలీని పట్టడానికి ఇంకో తేలిక పరీక్ష ఉంది. 90 మీటర్ల రెండున్నర కాయిల్‌లో ఉండే రాగి బరువు ఒక్కటే 1.75 నుంచి 2 కిలోల దాకా ఉండాలి. తొడుగుతో కలిపి కూడా కాయిల్ రెండు కిలోలు తూగకపోతే లోపల రాగి తక్కువైనా ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియమైనా ఉండాలి. ఈ కొనుగోలులో బేరం ఆడాల్సిన చోటు ఇది మాత్రం కాదు.

ఎంసీబీ: అంకె వెనక ఉన్న కాలం

16 ఆంపియర్ల ఎంసీబీ 17 ఆంపియర్లకు పడుతుందనుకోవడం అపోహ. ప్రమాణం ప్రకారం అది 1.13 రెట్లకు, అంటే 18 ఆంపియర్లకు, గంటసేపు పడకూడదు. 1.45 రెట్లకు, అంటే 23 ఆంపియర్లకు, గంటలోపు తప్పక పడాలి. షార్ట్ సర్క్యూట్ అయితే లోపలి అయస్కాంతం కనురెప్ప పాటులో తెంపేస్తుంది. బి రకానికి ఆ తెంపే కరెంటు 3 నుంచి 5 రెట్లు, సి రకానికి 5 నుంచి 10 రెట్లు. లైట్లు, గీజర్‌లాంటి వాటికి బి చాలు. ఏసీ, ఫ్రిజ్, మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ లాగుతాయి, వాటికి సి. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు నడుస్తున్నప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకున్నా, మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్లు లాగుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన 32 ఆంపియర్ల ఎంసీబీకి వద్దాం. అది 36 ఆంపియర్లను ఏ అభ్యంతరం లేకుండా గంటలకు గంటలు పోనిస్తుంది. వెనక ఉన్న రెండున్నర తీగ మోయగలిగేది 19. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తీగలో పుట్టే వేడి మూడున్నర రెట్లకు పైనే. 45 నుంచి 70 దాకా ఎక్కాల్సిన చోట లెక్క ప్రకారం 130 డిగ్రీలు దాటుతుంది. తొడుగు మెత్తబడుతుంది, ఏళ్లకేళ్లు పెళుసై రాలుతుంది, ఏదో ఒక బెండులో ఫేజు న్యూట్రల్‌కు తగులుతుంది. ఏసీ ఒక్కటే ఉన్నంతకాలం ఇదేమీ జరగదు. ఆ సర్క్యూట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి హీటరు, కెటిల్, ఇస్త్రీపెట్టె కలిపి వేసిన రోజు జరుగుతుంది. ఆ రోజు ఆపాల్సిన ఎంసీబీ అప్పటికే చెత్తబుట్టలో ఉంటుంది.

పింగాణీ ఫ్యూజు కటౌట్ల రోజుల్లో ఇదే తప్పును ఫ్యూజు తీగ బదులు రాగి పోగులు రెండు మెలేసి చుట్టి చేసేవాళ్లు. వన్‌టౌన్ పాత ఇళ్లలో ఇప్పటికీ అవి కనిపిస్తాయి. వాటిని మార్చేటప్పుడు వెనక ఉన్న తీగ కూడా చూడాలి. ఒక చదరపు మిల్లీమీటరు పాత తీగకు 16 ఎంసీబీ తగిలిస్తే మెరుగైనట్టు కనిపించే అదే ప్రమాదం. ఆ తీగకు 6 ఆంపియర్లు చాలు.

ఇక పంపకం. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర తీగ, 6 లేదా 10 ఎంసీబీ, సర్క్యూట్‌కు పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకుండా. ఇంటికి కనీసం రెండు లైటు సర్క్యూట్లు ఉండాలి, ఒకటి పడినా ఇల్లంతా చీకటి కాకూడదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులు సర్క్యూట్‌కు రెండు మించొద్దు. గీజర్‌కు దేనికది సొంత తీగ, బాత్‌రూమ్ బయట 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్. 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి నాలుగు తీగ. వంటగదికి ఒక్క సర్క్యూట్ ఇవ్వడమే మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. ఇండక్షన్ 8.7 ఆంపియర్లు, మైక్రోవేవ్ ఆరు, మిక్సీ మూడు. మూడూ కలిస్తే 16 దాటేసినట్టే. వంటగదికి రెండు పవర్ సర్క్యూట్లు, ఫ్రిజ్‌కు వేరేగా ఒకటి ఉండాలి. వాషింగ్ మెషీన్‌కు ఒకటి, కరెంటు స్కూటరో కారో ఉంటే పార్కింగ్‌కు మరొకటి. కారు స్లో చార్జర్ 14 ఆంపియర్లను ఆరేడు గంటలు ఏకధాటిగా లాగుతుంది. గీజర్‌లా ఆగి ఆగి కాదు కాబట్టి దాన్ని పాత ప్లగ్గుకు పెట్టకూడదు.

షాక్ సంగతి: ఎర్త్, ఆర్‌సీసీబీ

గీజర్ లోపల ఎలిమెంటు పగిలి ఫేజు నీళ్లకు తగిలింది. ఇంటి ఎర్త్ గుంత, భూమి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ కలిపి దారిలో 5 ఓమ్‌ల నిరోధం ఉంది, అంటే మంచి ఎర్తే. పోయే కరెంటు 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఎంసీబీ దీనికి సెకన్లలో కాకపోయినా నిమిషంలోపు పడుతుంది. 32 ఎంసీబీకి ఇది 1.44 రెట్లు మాత్రమే, గంటసేపు ఆలోచించే హక్కు దానికుంది. ఎర్త్ గుంత ఎండిపోయి నిరోధం 20 ఓమ్‌లైతే కరెంటు 11.5 ఆంపియర్లు, ఈ రెండు ఎంసీబీల్లో ఏదీ పడదు. అంతసేపూ కుళాయి మీద ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. మనిషి గుండెను ఆపడానికి ఇంకా చాలా తక్కువ చాలు, ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు.

అందుకే ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోందా అని అది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, సెకనులో మూడో వంతు కూడా గడవకముందే తెంపేస్తుంది. ఎర్త్ నిరోధం వంద ఓమ్‌లున్నా అది పనిచేస్తుంది. విజయవాడలో గుణదల, విద్యాధరపురం కొండవాలు ఇళ్లకు రాతిలో మంచి ఎర్త్ దొరకడం కష్టం. గుంటూరు చుట్టూ నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు చక్కటి ఎర్త్ ఇస్తుంది గానీ ఏప్రిల్‌కు పగుళ్లిచ్చి పైపును వదిలేస్తుంది. రెండు చోట్లా ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్‌నొక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. గుంతలో వేసవిలో నీళ్లు పోయడం పాత అలవాటే, మంచి అలవాటు. అయితే గుంత ఉండి కూడా ఆకుపచ్చ ఎర్త్ తీగ సాకెట్ దాకా రాని ఇళ్లు బోలెడు. పై పెద్ద రంధ్రానికి తీగే ఉండదు, లేదంటే బోర్డు వెనక గాలిలో వేలాడుతుంటుంది.

ఆర్‌సీసీబీకి రెండు పరిమితులున్నాయి. ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ అది చూడదు కాబట్టి దానికి తోడుగా ఎంసీబీ కూడా ఉండాలి. ఎవరైనా ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను మరో చేత్తో పట్టుకుంటే దానికి తేడా కనిపించదు. ఏసీ, వాషింగ్ మెషీన్, ఇండక్షన్‌లాంటి ఎలక్ట్రానిక్ సామాన్లున్న ఇంటికి ‘AC’ అని గుర్తున్న రకం బదులు ‘A’ అని గుర్తున్న రకం ఆర్‌సీసీబీ తీసుకోవాలి. వీటి లీకేజీలో డీసీ కలిసి ఉంటే పాత రకం గుర్తుపట్టకపోవచ్చు.

ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెడితే ఊరికే పడుతోందని పీకేసే రోజు వస్తుంది. ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువూ కొంచెం కరెంటును ఎర్త్‌లోకి వదులుతుంది. అన్నీ కలిసి పది మిల్లీ ఆంపియర్లయ్యాయంటే, 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడగలిగే ఆర్‌సీసీబీ అంచున ఉన్నట్టే. బాత్‌రూమ్‌లు, వంటగది ఒకదాని కింద, మిగతా ప్లగ్గులు, లైట్లు ఇంకోదాని కింద విడదీయాలి. ఫ్రిజ్‌కు వీలైతే ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండింటి పనులూ చేసే ఆర్‌సీబీవో ఒకటి విడిగా. ఊరెళ్లినప్పుడు గీజర్ లీకేజీకి ఫ్రిజ్ ఆగిపోయి ఆవకాయ జాడీలు తప్ప అన్నీ పాడయ్యే పరిస్థితి దీంతో తప్పుతుంది.

ఇన్వర్టర్ పెట్టిన రోజు నుంచి ఆర్‌సీసీబీ నిలవడం లేదని, ఊరికే పడుతోందని వచ్చే ఫిర్యాదుకు కారణం దాదాపు ఎప్పుడూ న్యూట్రలే. ఇన్వర్టర్‌కు ఒక ప్లగ్గు నుంచి కరెంటు వస్తుంది. దాని అవుట్‌పుట్ ఫేజును మాత్రం లైట్ల బోర్డులకు లాగి, న్యూట్రల్ పాతదే వాడతారు. ఒక ఆర్‌సీసీబీ ఫేజులోంచి వెళ్లిన కరెంటు మరో ఆర్‌సీసీబీ న్యూట్రల్‌లోంచి తిరిగి వస్తుంది, రెండూ లీకేజీ అనుకుని పడతాయి. వెంటనే దొరికే మందు ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం, అది విషం. ఇన్వర్టర్ లైట్లకు ఇన్వర్టర్ నుంచే సొంత న్యూట్రల్ (నల్ల) తీగ, డీబీలో వేరే న్యూట్రల్ బారు, వీలైతే వేరే ఆర్‌సీసీబీ ఉండాలి. పైపులు వేసేటప్పుడే ఒక తీగ ఎక్కువ లాగితే అయిపోయే పని ఇది. ఇంకో సంగతి, మెయిన్ దించినా ఇన్వర్టర్ ఫేజులో కరెంటు ఉంటుంది. ఆ మాట డీబీ తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉండాలి.

త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ పోతే

రెండు గీజర్లను రెండు ఫేజులకు, వంటగదిని మూడోదానికి ఇస్తే చలి పొద్దున భారం ఫేజుకు పన్నెండు ఆంపియర్ల దగ్గర సర్దుకుంటుంది. దీనితో వచ్చే కొత్త ప్రమాదం న్యూట్రల్ తెగడం. పోల్ నుంచి వచ్చే సర్వీసు తీగ అల్యూమినియం, ఇంటి తీగ రాగి. రెండూ కలిసే చోట సరైన కనెక్టరు లేకపోతే తుప్పు పట్టి వదులవుతుంది. న్యూట్రల్ ఊడితే రెండు ఫేజుల లోడ్లు 400 వోల్టుల మీద వరసగా నిలబడతాయి. ఒక ఫేజు మీద 2 కిలోవాట్ల గీజర్, ఇంకోదాని మీద 200 వాట్ల ఫ్రిజ్, టీవీ ఉంటే గీజర్‌కు చిన్న ముక్క, ఫ్రిజ్‌కు 360 వోల్టుల పైన వస్తుంది. కరెంటు తక్కువే కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు, కంప్రెసర్ కాలాకే వాసన వస్తుంది. నాలుగు పోల్స్ ఉన్న మెయిన్, వోల్టేజీ హద్దు దాటితే తెంపే ప్రొటెక్టర్ త్రీ ఫేజ్ ఇంటికి తప్పనిసరి అనుకోవాలి. న్యూట్రల్‌లో ఒంటరి ఫ్యూజుగానీ సింగిల్ పోల్ స్విచ్‌గానీ ఎన్నడూ పెట్టకూడదు.

నీళ్లు వచ్చే వీధులు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాల ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి చోట కింది అంతస్తుకు విడిగా ఒక డబుల్ పోల్ స్విచ్ ఉండాలి, పై అంతస్తుకు కరెంటు ఉంచుతూ కింద మొత్తం తెంపగలగాలి. డీబీ పై అంతస్తులోనో, కుదరకపోతే గోడ మీద వీలైనంత ఎత్తులోనో పెట్టాలి. కింది ప్లగ్గులకు తీగ నేల నుంచి పైకి కాకుండా స్లాబు నుంచి కిందికి దిగాలి. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీలను ఆరబెట్టి వాడకూడదు. లోపల బురద పేరుకుని పట్టీలు కదలవు. పైకి ఎత్తితే నిలుస్తుంది గానీ అవసరమైనప్పుడు పడదు. వాటిని మార్చాల్సిందే. పైపుల్లోని తీగలు జాయింట్లు లేకుండా ఉంటే బతకొచ్చు, అది తొడుగు నిరోధాన్ని కొలిచే మెగ్గర్ అనే మీటరు చెబుతుంది.

ఇల్లు కొత్తదైనా, మునిగి లేచినదైనా కరెంటు ఇచ్చే ముందు పరీక్షలు ఇవే. అన్ని సామాన్లూ ఊడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే ఒక మెగాఓమ్ కన్నా తక్కువ రాకూడదు. ప్రతి సాకెట్ పై రంధ్రం నుంచి ఎర్త్ బారు దాకా కంటిన్యుటీ, అంటే ఎక్కడా తెగని దారి, ఉండాలి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే ఫేజు కుడి వైపు రావాలి. టెస్టర్ వెలిగితే ఫేజు ఉందని తెలుస్తుంది, ఎర్త్, న్యూట్రల్ బాగున్నాయని మాత్రం కాదు.

ఆఖరున స్క్రూలు. గీజర్ సాకెట్ మూత తీస్తే కుడి పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం, తీగ చివర రెండు సెంటీమీటర్ల మేర గట్టిపడిన తొడుగు, స్క్రూ కింద నల్లబడిన రాగి పోగులు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. అక్కడ పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా 13 ఆంపియర్ల దగ్గర 17 వాట్ల వేడి పుడుతుంది, గోరంత చోటులో. బిగించేటప్పుడు తొడుగు స్క్రూ కిందికి పోనివ్వకుండా, పోగులను కత్తిరించి సన్నం చేయకుండా, తీగ చివర పిన్ లగ్గు తొడిగి బిగించాలి. ఎంసీబీ స్క్రూలకు చాలావాటికి 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగువు చెబుతారు, చేతి అంచనా కన్నా అది ఎక్కువే. మొదటి వేసవి గడిచాక మెయిన్ దించి, ఇన్వర్టర్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని అన్ని స్క్రూలనూ మరోసారి బిగించాలి. ఆర్‌సీసీబీ మీద టి అని రాసిన బటన్ నెలకోసారి నొక్కాలి. పడకపోతే ఆ రోజే మార్చాలి.